అరుపుల కచేరీకి అత్తగారు

ఆ వీధిలో ఆయన్ని అందరూ పళ్లాయన అంటారు. కొత్తగా అద్దెకు దిగినవాళ్లు వచ్చి యాపిల్స్ ఉన్నాయా అని అడుగుతుంటారు. లేవండీ, నేను చేసేది కట్టుడు పళ్లు అని ఆయన నెమ్మదిగా చెబుతాడు. వాళ్లు మొహమాటంగా నవ్వి, నాలుకతో తమ పళ్లను ఒకసారి తడిమి చూసుకుని వెళ్లిపోతారు.

పళ్ల డాక్టరు గారి క్లినిక్ వెనకాల, కిటికీ తెరిస్తే పక్కింటి గోడ తప్ప మరేదీ కనబడని గదిలో ఆయన పని. డాక్టరు గారు పేషెంట్ల నోట్లోంచి అచ్చు తీసి పంపితే, ఈయన దాన్ని సుద్దలో పోత పోసి, గులాబీ రంగు మైనంలో ఒక్కో పన్నూ కూర్చి, అరగదీసి, మెరుగు పెట్టి ఇస్తాడు. అలమర నిండా ఊళ్లో పెద్దమనుషుల దవడలు వరసగా నోళ్లు తెరుచుకుని ఉంటాయి. బయట ఎంత గొంతు చించుకునే వాళ్లయినా ఇక్కడ మాత్రం బుద్ధిగా ఉంటారు. అందుకే ఆయనకు ఆ గది ఇష్టం.

మనిషి కూడా ఆ గదికి తగ్గట్టే ఉంటాడు. ఇస్త్రీ చొక్కా, పక్కకు దువ్విన పాపిడి. ఎదుటివాళ్లు మాట్లాడటం అయిపోయాక కూడా ఇంకేమైనా మిగిలిందేమోనని ఒక క్షణం ఆగి, అప్పుడు నోరు తెరుస్తాడు. ఆలోగా వాళ్లు మళ్లీ మొదలుపెట్టేస్తారు కాబట్టి ఆయన మాట ఎవరూ పెద్దగా విన్న పాపాన పోలేదు. అలాంటి మనిషి రోజంతా చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఏం వింటాడు? పాత మెలోడీలు అయి ఉంటాయని డాక్టరు గారి నమ్మకం. "పనిలో ఆ శాంతం ఊరికే రాదయ్యా, మంచి సంగీతం వల్ల వస్తుంది" అని ఆయన మెచ్చుకుంటే పళ్లాయన తల వంచుకుని నవ్వేవాడు. ఆ సమయంలో ఆయన చెవుల్లో నలుగురు మగవాళ్లు, లోకం తగలబడిపోతోందనీ, తగలబడితే తగలబడనీ అనీ, ఇనుప రేకుల మీద సుత్తులతో బాదుతున్నట్టు చెబుతుండేవాళ్లు.

అది హెవీ మెటల్ బాండు. పదహారో ఏట పెదనాన్న కొడుకు ఇచ్చిన ఒక క్యాసెట్టుతో పట్టిన పిచ్చి. చాలామందికి ఆ వయసులో పట్టిన పిచ్చి ఉద్యోగం రాగానే వదులుతుంది. ఈయనకు ఉద్యోగం, పెళ్లి, కూతురు, షుగరు వరసగా వచ్చాయి గానీ, పిచ్చి మాత్రం వచ్చినది వచ్చినట్టే ఉండిపోయింది.

పెళ్లికి ముందు పరిచయమైన రోజుల్లో "నాకు సంగీతమంటే ప్రాణం" అని ఆయన అంటే, కాబోయే భార్య ఎంత సున్నిత మనస్కుడో అనుకుని మురిసిపోయింది. పెళ్లయిన వారానికి ఆయన ప్రేమగా టేప్ రికార్డర్ ఆన్ చేశాడు. ఆవిడ వంటగదిలో ఏదో పేలిందనుకుని మెట్లు దిగి వీధిలోకి పరిగెత్తింది. ఆ రోజు నుంచి ఆ బాండుకు ఇంట్లో "అరుపులవాళ్లు" అన్న పేరు ఖాయమైంది, ఆయనకు ఇయర్‌ఫోన్లు ఖాయమయ్యాయి.

ఇంత భక్తుడై ఉండి, ఆయన వాళ్లను ఒక్కసారి కూడా ఎదురుగా చూడలేదు. ప్రయత్నించక కాదు. మొదటిసారి వాళ్లు ఈ దేశానికి వచ్చినప్పుడు టికెట్టు జేబులో పెట్టుకుని బయల్దేరుతుండగా డాక్టరు గారు అడ్డం పడ్డారు. ఒక పెద్దమనిషి కూతురి పెళ్లి ముందు రోజు తుమ్మితే పళ్ల సెట్టు ఎగిరి సింకులో పడి రెండు ముక్కలైందట. పెళ్లికూతురి తండ్రి బోసినోటితో ఫొటోల్లో నిలబడితే పరువేం కావాలి? అరుపులవాళ్లు అక్కడ అరుస్తుండగా పళ్లాయన ఇక్కడ పెద్దమనిషి నవ్వును ఆకురాయితో అరగదీస్తూ కూర్చున్నాడు. రెండోసారి స్టేడియం గేటు దాకా చేరాడు. బాండులో ఒకతను ముందు ఊరి కచేరీలో స్టేజీ మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడనీ, కార్యక్రమం రద్దనీ గేటుకు కాగితం అతికించి ఉంది. ఆ తర్వాత ఆ బాండు విడిపోయింది, కలిసింది, మళ్లీ విడిపోయింది. మొగుడూ పెళ్లాలైనా అన్నిసార్లు పుట్టింటికి వెళ్లి రారు.

చివరికి ఒకరోజు భోజనాల దగ్గర కాలేజీ కూతురు ఫోన్‌లోంచి తలెత్తకుండానే అంది.

"నాన్నా, మీ ముసలాళ్లు వస్తున్నారు."

"ఎవరమ్మా, పెదనాన్న వాళ్లా?"

"మీ అరుపులవాళ్లు. ఇదే ఆఖరి టూరట. పాపం, ఇంక ఓపిక లేదేమో."

పళ్లాయన చేతిలోని గ్లాసు కింద పెట్టాడు. పెట్టినప్పుడు చప్పుడైంది. భార్య తలెత్తి చూసింది. టేప్ రికార్డర్ రోజు తర్వాత ఆ ఇంట్లో ఆయన వల్ల చప్పుడు కావడం అదే.

ఆయన రెండు టికెట్లు కొన్నాడు. భార్య వస్తానని మాట ఇచ్చింది మరి. ఆవిడ కంటాసుపత్రిలో నర్సు. కచేరీ దగ్గర పడ్డాక ఒక సాయంత్రం మహా బాధగా వచ్చి కూర్చుని "ఏవండీ, సరిగ్గా ఆ రోజే డ్యూటీ వేశారండీ, ఎంత చెప్పినా వినలేదు" అంది. ఆ డ్యూటీని ఆవిడ ఇంకో నర్సును బతిమాలి, బదులుగా రెండు ఆదివారాలు ఇచ్చుకుని సంపాదించిందని ఆయనకు తర్వాత తెలిసింది. కూతుర్ని అడిగితే "అక్కడ నా ఫ్రెండ్సెవరైనా చూస్తే?" అంది. "అరుపులవాళ్లనా?" అంటే, "కాదు, మిమ్మల్ని" అంది. తోడల్లుడికి ఫోన్ చేస్తే, ఆయన పూర్తిగా వినకముందే జ్వరం తెచ్చుకున్నాడు.

"ఒక్కడినే వెళతాలే" అన్నాడు పళ్లాయన.

"నేనొస్తా" అంది గోడ వారగా కుర్చీలో కూర్చున్న అత్తగారు.

అందరూ అటు తిరిగారు. అత్తగారికి డెబ్బై నాలుగేళ్లు. వయసంతా బట్టల మిల్లులో మగ్గాల దగ్గర గడిపి, రిటైరైన రోజున వినికిడిని అక్కడే వదిలేసి వచ్చింది. చెవి మిషను కొనిపెడితే, గిన్నెల చప్పుడు తప్ప మనుషుల మాట వినబడటం లేదని సొరుగులో పడేసింది. ఆ ఇంట్లో కళ్లకు కూతురూ పళ్లకు అల్లుడూ ఉన్నారు గానీ, ఆవిడ చెవులకు మాత్రం దిక్కు లేదు. రోజంతా కుర్చీలో కూర్చుని, అందరి పెదాలూ కదలడం చూస్తుంది. మిల్లు హోరులో పెదాలు చూసి మాట పట్టుకోవడం అలవాటైన మనిషి. అందుకే ఇంట్లో రహస్యాలన్నీ ఆవిడకు తెలుసు, వాతావరణం కబుర్లు మాత్రం తెలియవు. ఎందుకంటే కబుర్లు ఎవరూ ఆవిడ వైపు తిరిగి చెప్పరు.

పళ్లాయన ఆవిడ ముందుకు వెళ్లి, పెదాలు బాగా కదిపి చెప్పాడు. "అత్తయ్య గారూ, అవి పాటలు కావు. అరుపులు."

"అరుపులైతేనే నయం బాబూ. మీరంతా నా దగ్గర గొణుగుతారు."

భార్య నెత్తి కొట్టుకుంది. "చెవిటివాళ్ల ముందు శంఖం ఊదడం విన్నాను గానీ, చెవిటివాళ్లని బస్సెక్కించి శంఖం దగ్గరికి తీసుకెళ్లడం ఎక్కడా వినలేదమ్మా!"

"ఏమంటోంది?" అంది అత్తగారు, అంతా చదివేసి కూడా.

"జాగ్రత్తగా వెళ్లి రమ్మంటోంది" అన్నాడు అల్లుడు.

కచేరీ ఆదివారం పడింది. ఆ రోజున ఆయన బీరువా అడుగునుంచి నల్ల టీషర్టు తీశాడు. మొదటి కచేరీ కోసం కొన్నది. అప్పట్లో మోకాళ్ల దాకా వేలాడేది, ఇప్పుడు బొడ్డు దగ్గరే ఆగిపోయింది. దాని మీద ఇస్త్రీ చొక్కా వేసుకుని, గొంతు దాకా బొత్తాలు పెట్టుకుని, అత్తగారిని చెయ్యి పట్టుకుని బస్సెక్కించాడు. బాండు వాళ్లు కూడా వయసు పైబడిన వాళ్లే గనక, ఎండ తగ్గగానే మొదలుపెట్టి, పెందలాడే ముగించి పడుకుంటారని ప్రకటనలో మర్యాదగా రాశారు.

గేటు దగ్గర కాపలావాడు అత్తగారి సంచి విప్పించాడు. కొండచిలువంత పచ్చబొట్లున్న కుర్రాళ్ల దగ్గర ఏమీ దొరకలేదు గానీ, అత్తగారి సంచిలో మాత్రం ఒక మెత్త, స్వెట్టరు, బీపీ మాత్రలు, రెండు అరటిపళ్లు, మూత ఉన్న ఒక డబ్బా దొరికాయి.

"ఇదేంటమ్మా?"

"పళ్లు పెట్టుకునే డబ్బా."

"అరటిపళ్లు బయటే ఉన్నాయిగా?"

అత్తగారు నోట్లోంచి పై సెట్టు కాస్త కిందికి జార్చి చూపించింది. కాపలావాడు రెండడుగులు వెనక్కి వేసి, ఇంకేమీ అడక్కుండా లోపలికి పంపేశాడు.

లోపలంతా నలుపే. నల్ల బట్టలు, నల్ల గోళ్లు, గడ్డాలు, గొలుసులు. చావు గురించి బొమ్మలు వేయించుకున్న వాళ్లంతా ఐస్‌క్రీములు తింటున్నారు. పళ్లాయన గుండె ఒకపక్క ఆనందంతోనూ ఇంకోపక్క భయంతోనూ కొట్టుకుంది. తన మనుషుల మధ్యకు వచ్చానని ఉంది, చొక్కా విప్పి ఆ మాట చెప్పుకునే ధైర్యం మాత్రం లేదు. ఆ గుంపులో ఆయన్ని చూసిన వాళ్లెవరైనా కరెంటు మీటరు చూడటానికి వచ్చాడనుకుంటారు.

అత్తగారి పరిస్థితి వేరు. గుమ్మడికాయంత భుజాలున్న గడ్డపాయన ఒకడు ఆవిడను చూసి, పక్కవాళ్లను రెండు చేతులతో నెట్టి "జరగండ్రా, అమ్మమ్మ వస్తోంది" అన్నాడు. ఆ మాట ఒకరి నోటి నుంచి ఒకరికి పాకింది. దారి దానంతటదే తెరుచుకుంది. ఎవరో ప్లాస్టిక్ కుర్చీ తెచ్చారు. చూస్తుండగానే ఆవిడ స్టేజీ ముందు ఒక మూలగా ఇనుప కంచె దగ్గర మెత్త వేసుకుని కూర్చుని ఉంది. ఆవిడ వెనకే అల్లుడు, సంచి మోస్తూ. ముప్పై అయిదేళ్లు కలలు కన్నవాడు ఎక్కడో వెనక స్తంభం పక్కన నిలబడవలసింది పోయి, అత్తగారి పుణ్యమా అని అందరికంటే ముందుకొచ్చాడు. అల్లుడి హోదా అంటే అదే మరి.

దీపాలు ఆరాయి. పొగ లేచింది. జనం హోరెత్తారు. అరుపులవాళ్లు వచ్చారు.

పళ్లాయన ఊహలో గాయకుడు పోస్టర్‌లో ఉన్నట్టే ఉన్నాడు. వచ్చినాయన నడుముకు పట్టీ వేసుకుని, మెట్లు ఒక్కొక్కటీ చూసుకుంటూ ఎక్కాడు. జుట్టు మాత్రం భుజాల దాకా ఉంది, కాకపోతే తల ఒకపక్కకూ జుట్టు ఇంకోపక్కకూ తిరుగుతోంది. అయినా గిటారు మొదటి దెబ్బ పడగానే పళ్లాయన కళ్లు చెమర్చాయి. ఏనుగు చచ్చినా బతికినా వెయ్యే కదా.

మొదటి పాట చివర్లో ఒక కేక ఉంటుంది. ఆ కేక కోసమే మనుషులు ఆ పాట వింటారు. పళ్లాయన దాన్ని కొన్ని వేలసార్లు విన్నాడు. మైనంలో ముందు పళ్లు కూర్చేటప్పుడు చెయ్యి వణకకుండా ఆ కేక దగ్గరే ఊపిరి బిగబట్టేవాడు. ఇప్పుడు ఆ చోటు రాబోతోంది. ఆయన కంచె పట్టుకుని ఊపిరి బిగబట్టాడు.

గాయకుడు తల వెనక్కి విరిచాడు, నోరు తెరిచాడు, వెంటనే మూసేశాడు. మైకును జనం వైపు తిప్పాడు. జనమే అరిచారు. తర్వాత ఆయన మైకు స్టాండును కాలితో తన్ని, సౌండు సరిగ్గా లేదన్నట్టు పక్కకు సైగలు చేశాడు. ఆడలేక మద్దెల ఓడన్నాడన్నమాట. రెండో పాటలోనూ అంతే, మూడో పాటలోనూ అంతే. జనానికి ఇదంతా తమను గౌరవించడంలా కనిపించి ఇంకా ఉత్సాహపడ్డారు.

పళ్లాయన మాత్రం తల పైకెత్తి చూశాడు. పెద్ద తెర మీద గాయకుడి ముఖం గోడంత కనిపిస్తోంది. పై పెదవి బిగుసుకుని ఉంది. ప్రతి చరణం చివరా నాలుక పైకి వెళ్లి దేన్నో నొక్కి పట్టుకుంటోంది. సకారం వచ్చిన చోటల్లా ఈల వస్తోంది. ఇది ఆయన రోజూ చూసే వ్యవహారమే. ఎవరో తొందర తొందరగా చేసి పడేసిన సెట్టు. ఇన్నేళ్లు ఎదురుచూసి, ఇంత దూరం వచ్చి, తాను చూస్తున్నది ఇంకో వదులు పళ్ల కేసు. ఆదివారం కూడా డ్యూటీయే!

అత్తగారు ఆయన చొక్కా పట్టి లాగింది. ఆయన వంగాడు.

"పై సెట్టు వదులైంది కదూ?" అంది చెవిలో.

ఆయన ఆవిడ వైపు చూశాడు. ఆవిడ తన పై పెదవిని గాయకుడిలాగే బిగించి చూపించింది. "మీరు చేసిన మొదటి సెట్టుతో నేనూ ఆర్నెల్లు ఇలాగే ఏడ్చా. చెబితే బాధపడతారని చెప్పలేదు."

పళ్లాయనకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నవ్వే వచ్చింది. కంచె మీద తల ఆనించి, భుజాలు ఎగిరెగిరి పడేలా నవ్వాడు. పక్కనున్న గడ్డపాయన ఆ ఊగడం చూసి, సంగీతానికి తల ఊపుతున్నాడనుకుని మెచ్చుకోలుగా వీపు తట్టాడు.

నవ్వు ఆగాక గమనించాడు, అత్తగారు కుర్చీలో లేదు. లేచి నిలబడి, ఇనుప కంచెకు గుండెలు ఆనించి, రెండు అరచేతులూ దాని మీద పరిచి ఉంది. కళ్లు మూసుకుని ఉంది. ఒంట్లో బాగాలేదేమోనని ఆయన హడలిపోయి సంచిలో మాత్రలు వెతకసాగాడు. ఆవిడ కళ్లు తెరిచి, ఆయన చెయ్యి లాగి కంచె మీద పెట్టింది. ఇనుము గజగజలాడుతోంది. ప్రతి దెబ్బా అరచేతిలోంచి మోచేతి దాకా పాకుతోంది.

"మా మూడో షెడ్డు ఇలాగే ఉండేది" అంది ఆవిడ గట్టిగా. "మగ్గాలన్నీ తిరుగుతుంటే మేమంతా పాడుకునేవాళ్లం. ఎవరి పాట వాళ్లకే వినబడేది కాదు. అయినా పాడేవాళ్లం. ఎన్నేళ్లయిందో బాబూ పాట విని!"

ఆవిడ మిల్లులో పాడేదని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. ఎవరూ అడగలేదు. గడ్డం కింద ఆవిడ గొంతు కదులుతోంది. ఇప్పుడూ పాడుతోంది కాబోలు, ఎప్పటిలాగే ఎవరికీ వినబడకుండా.

"కాకపోతే ఆ డ్రమ్ముల అబ్బాయి మధ్యమధ్యలో వెనకబడుతున్నాడు" అని కూడా అంది. "మగ్గం అలా కొడితే దారం తెగి ఊరుకునేది."

డ్రమ్ముల అబ్బాయికి డెబ్బై ఏళ్లు ఉంటాయి.

ఆఖరి పాటకు వచ్చారు. అందులోనూ ఒక కేక ఉంది, మొదటిదానికంటే పెద్దది. గాయకుడు దాని ముందు చరణం దగ్గర ఆగి, జనానికి వీపు తిప్పి, డ్రమ్ముల వైపు నడిచాడు. కెమెరా ఆయన వీపునే చూపిస్తోంది. పక్కగా నిలబడ్డందువల్ల అల్లుడికీ అత్తగారికీ మాత్రం మిగతాది కనబడింది. ఆయన నోట్లో చెయ్యి పెట్టి, ఏదో తీసి, తోలు కోటు జేబులో వేసుకున్నాడు.

"తీసేశాడు!" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

గాయకుడు ఇటు తిరిగాడు. బుగ్గలు లోపలికి పోయి, ఒక్కసారిగా పదేళ్లు మీద పడ్డట్టున్నాడు. పాట అందుకున్నాడు. హల్లులన్నీ ఎగిరిపోయి అచ్చులు మిగిలాయి. అయినా ఎవరికీ తేడా తెలియలేదు. ఆ పాటల్లో మాటలు పళ్లున్న రోజుల్లో మాత్రం ఎవరికి అర్థమయ్యాయి గనక! అప్పుడొచ్చింది కేక. క్యాసెట్టులో ఉన్నది కాదు అది. అంత పదును లేదు, బొంగురుగా, బండి చక్రం రాయి మీద ఒరుసుకున్నట్టు మొదలై, పైకి, ఇంకా పైకి లేచి, ఊపిరి అయిపోవలసిన చోట కూడా అయిపోకుండా నిలబడింది. జారిపడకుండా నొక్కి పట్టుకోవాల్సినదేదీ ఇంక నోట్లో లేదు మరి.

పళ్లాయన తనకు తెలియకుండానే నోరు తెరిచాడు. యాభై ఒక్కేళ్లుగా ఎదుటివాళ్ల మాట పూర్తయ్యేదాకా ఆగిన మనిషి, ఈసారి ఆగలేదు. అరిచాడు. తన గొంతు అలా ఉంటుందని ఆయనకు తెలియదు. చాలా వికారంగా ఉంది. ఇంకోసారి అరిచాడు. పై బొత్తాం ఒకటి తెగి ఎక్కడో పడింది. మిగతావి ఆయనే విప్పేశాడు. బొడ్డు కనబడుతోందన్న సంగతి ఆ క్షణంలో ఎవరైనా చెప్పినా వినిపించుకునే స్థితిలో లేడు.

దీపాలు వెలిగాక అత్తగారు వదల్లేదు. "వెళ్లి చెప్పండి, మంచి సెట్టు చేసిస్తానని. పాపం, పెద్దాయన." పళ్లాయన వద్దంటే ఆవిడకు వినబడలేదు. స్టేజీ పక్క గేటు దగ్గర ఇంకో కాపలావాడు ఉన్నాడు. ఫొటో కావాలన్న వాళ్లనూ, చిన్ననాటి స్నేహితులమన్న వాళ్లనూ పంపేస్తున్నాడు.

"మీరెవరు?"

"నేను పళ్లు చేస్తానండి. ఆయన పై సెట్టు..." పళ్లాయన గొంతు బొంగురుపోయి సగమే బయటికొచ్చింది.

కాపలావాడు ఆయన్ని పైనుంచి కిందికి, ముఖ్యంగా బొడ్డు దగ్గర, చూశాడు. లోపలికి పంపలేదు. కానీ చుట్టూ చూసి, దగ్గరికి వచ్చి, "మా నాన్నకి కింద సెట్టు నిలవట్లేదండీ, అసలేం తినట్లేదు. ఎక్కడ ఉంటారు మీరు?" అని అడిగాడు. అరుపులవాళ్లతో ఆయన సంబంధం అక్కడిదాకా వచ్చి, కాపలావాడి తండ్రి కింది దవడ వైపు తిరిగిపోయింది. ఆ పెద్దాయన మరుసటి వారమే క్లినిక్‌కు వచ్చాడు. ఇప్పుడు బాగానే తింటున్నాడట.

బస్సులో అత్తగారు అరటిపళ్లు తీసి ఒకటి అల్లుడికిచ్చింది. ఇంటికెళ్లాక పళ్లాయన భార్య "అమ్మా, ఎలా ఉంది?" అని నవ్వు బిగబట్టి అడిగితే, "నువ్వు రాకపోవడం మంచిదైంది, నీకు అర్థమయ్యేది కాదు" అంది. పళ్లాయన గొంతు నాలుగు రోజులు పలకలేదు. ఆ తేడా డాక్టరు గారికి తెలియలేదు.

ఇప్పుడు ఆదివారం మధ్యాహ్నాలు ఆ ఇంట్లో ఇయర్‌ఫోన్లు లేవు. పళ్లాయన పెద్ద స్పీకరు ఒకటి తెచ్చి, అత్తగారి ఇనుప మంచం పట్టీకి తాకేలా పెట్టాడు. ఆవిడ మంచం మీద కూర్చుని, చేతులు పట్టీ మీద ఆనించి, మధ్యమధ్య తల అడ్డంగా ఊపుతుంది. అది డ్రమ్ముల అబ్బాయి గురించి. నర్సు గారు ఆదివారాలు డ్యూటీలు అడిగి మరీ వేయించుకుంటోంది. కూతురు లైబ్రరీలో చదువుకుంటోంది, మార్కులు కూడా పెరిగాయి.

మొన్న కింది వాటాలో కొత్తగా దిగినాయన పైకొచ్చి తలుపు బాదాడు. సీలింగు నుంచి సున్నం రాలుతోందట, పసిపిల్లాడు నిద్రపోవడం లేదట, ఇది కొంపా, కార్ఖానా అట. పళ్లాయన క్షమాపణ చెప్పబోతూ అలవాటు కొద్దీ ఆగాడు. ఆలోగా అత్తగారు వచ్చి గుమ్మంలో నిలబడింది. ఆయన చెప్పిందంతా పెదాల మీద మొదటి నుంచి చివరిదాకా శ్రద్ధగా చదివింది. తర్వాత చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, చాలా ప్రేమగా నవ్వింది.

"ఏమీ వినబడట్లేదు నాయనా" అంది. "కాస్త గట్టిగా చెప్పు."